ఇన్సులిన్ నడిచే దారి

అన్నం తిన్న కాసేపటికే రక్తంలో గ్లూకోజు పెరగడం మొదలవుతుంది. అది పెరిగిన కొద్ది నిమిషాల్లోనే క్లోమం నుంచి ఇన్సులిన్ రక్తంలోకి వచ్చేస్తుంది. ఇంత తొందరగా ఎలా వచ్చింది? ఒక ప్రోటీన్‌ను జన్యువు దగ్గర మొదలుపెట్టి పూర్తిగా తయారుచేసి కణం బయటికి పంపాలంటే గంటలు పడుతుంది. కాబట్టి భోజనం చేసిన వెంటనే విడుదలయ్యే ఇన్సులిన్ అప్పటికప్పుడు తయారైనది కాదు. గంటల కిందటో, నిన్ననో తయారై కణంలో సిద్ధంగా ఉండి, గ్లూకోజు పెరిగిందన్న కబురు అందగానే బయటపడింది.

బడిలో మనమందరం కణం బొమ్మ గీశాం. కేంద్రకం, రైబోజోములు, గాల్జీ, మైటోకాండ్రియా అంటూ చుట్టూ గీతలు లాగి పేర్లు రాశాం. ఆ బొమ్మలో ఏ భాగం ఎక్కడుందో తెలుస్తుంది గానీ, ఒక భాగం పని ముగిశాక ఏ భాగం అందుకుంటుందో తెలియదు. కణం బతికేది ఆ అందుకోవడంలోనే. అందుకే ఈ అధ్యాయంలో భాగాల జాబితా కాకుండా ఒకే ఒక్క అణువు వెంట నడుద్దాం. ఇన్సులిన్ పుట్టిన చోటి నుంచి అది పని ముగించే చోటి దాకా వెళ్తే, దాదాపు కణమంతా చూసినట్టే. షుగర్ లేని ఇల్లు అరుదైపోయిన ఈ రోజుల్లో ఇది మన ఆరోగ్యానికి సూటిగా పనికొచ్చే నడక కూడా.

క్లోమంలో ఒక కణం

1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి క్లోమాన్ని మైక్రోస్కోపు కింద చూస్తూ, చుట్టూ ఉన్న కణాల కంటే భిన్నంగా కనిపించే చిన్నచిన్న గుంపుల్ని గమనించాడు. అవేం చేస్తాయో ఆయనకు తెలియదు. వాటినే ఇప్పుడు లాంగర్‌హాన్స్ పుటికలు అంటున్నాం. మనిషి క్లోమంలో ఇవి సుమారు పది లక్షలుంటాయి. అన్నీ కలిపినా క్లోమం బరువులో ఒకటి రెండు శాతమే. మిగతా క్లోమమంతా జీర్ణరసాలు తయారుచేసే కణాలది. ఈ పుటికల్లో ఉండే బీటా కణాలే ఇన్సులిన్ తయారుచేస్తాయి. ఒక్కో బీటా కణం వ్యాసం మిల్లీమీటరులో నూరో వంతు. అంత చోటులో ఇన్సులిన్ నింపుకున్న సూక్ష్మమైన సంచులు వేలకొద్దీ ఉంటాయి.

కేంద్రకం: నకలు తీసి పంపే చోటు

ఇన్సులిన్‌కు సంబంధించిన జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంది. ఇది బీటా కణాల్లోనే ఉందనుకుంటే పొరపాటు. కేంద్రకం ఉన్న ప్రతి కణంలోనూ, చర్మంలోనూ, మెదడులోనూ, గుండె కండరంలోనూ ఇదే జన్యువు ఉంది. మిగతా కణాల్లో ఆ భాగం ముడుచుకుపోయి చదవడానికి వీల్లేకుండా ఉంటుంది. బీటా కణంలో మాత్రం కొన్ని ప్రత్యేక ప్రోటీన్లు దాన్ని తెరిచి ఉంచుతాయి. ఏ కణం ఏమవుతుందన్నది దానిలో ఏ జన్యువులున్నాయన్న దాని కంటే, వాటిలో ఏవి తెరుచుకున్నాయన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

డీఎన్‌ఏ కేంద్రకం వదిలి రాదు. దాని నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తయారవుతుంది. మొదటి నకలులో అక్కర్లేని భాగాలు రెండుంటాయి. వాటిని కత్తిరించి, మిగిలిన ముక్కల్ని అతికించాకే ఆ ఆర్‌ఎన్‌ఏ కేంద్రకపు పొరలోని రంధ్రాల గుండా బయటికి వస్తుంది. కేంద్రకం చుట్టూ పొర ఎందుకున్నదీ ఇక్కడే అర్థమవుతుంది. బాక్టీరియాకు ఆ పొర లేదు. అక్కడ ఆర్‌ఎన్‌ఏ నకలు పూర్తి కాకముందే రైబోజోములు దాని మీదికెక్కి చదవడం మొదలుపెడతాయి. మన కణాల్లో అలా జరిగితే కత్తిరించవలసిన భాగాలు కూడా ప్రోటీన్‌లోకి వచ్చేస్తాయి. నకలు దిద్దే పనినీ, దాన్ని చదివే పనినీ కేంద్రకపు పొర వేరుచేస్తోంది.

రైబోజోము, అంతర్జీవద్రవ్యజాలం

బయటికొచ్చిన ఆర్‌ఎన్‌ఏను రైబోజోము పట్టుకుంటుంది. దాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదువుతూ, ఒక్కో మూడక్షరాలకు ఒక్కో అమైనో ఆమ్లాన్ని జోడించుకుంటూ గొలుసు అల్లుతుంది. ఈ రైబోజోములోని పరమాణువుల అమరికను వెలికితీసినందుకు 2009లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ముగ్గురికి వచ్చింది. వారిలో తమిళనాడులోని చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ ఒకరు. తక్కిన ఇద్దరు థామస్ స్టైట్జ్, అడా యోనాత్.

ఇన్సులిన్ కోసం మొదట అల్లే గొలుసులో 110 అమైనో ఆమ్లాలుంటాయి. తొలి 24 ఇన్సులిన్‌లో భాగం కానే కావు. అవి దారి చెప్పే సంకేతం. ఆ సంకేతం రైబోజోము నుంచి బయటికి రాగానే, దాన్ని గుర్తుపట్టే కణికొకటి వచ్చి అతుక్కుని, రైబోజోమును అంతర్జీవద్రవ్యజాలమనే పొరల అల్లిక దగ్గరికి చేరుస్తుంది. అక్కణ్నుంచి గొలుసు అల్లుతూనే పొరలోని సన్నని మార్గం గుండా లోపలికి దిగుతుంది. దిగాక ఆ 24 అమైనో ఆమ్లాలూ తెగిపోతాయి. ప్రోటీన్లు ఎక్కడికి వెళ్లాలో వాటిలోనే రాసి ఉంటుందని నిరూపించిన గుంటర్ బ్లోబెల్‌కు 1999లో వైద్యశాస్త్ర నోబెల్ దక్కింది.

ఇప్పుడు మిగిలింది 86 అమైనో ఆమ్లాల గొలుసు. దీని పేరు ప్రోఇన్సులిన్. అంతర్జీవద్రవ్యజాలం లోపల ఇది తన ఆకారంలోకి మడతపడాలి, దానిలోని గంధకపు పరమాణువుల మధ్య మూడు బంధాలు సరైన జోడీల్లో ఏర్పడాలి. కణద్రవ్యంలో ఇలాంటి బంధాలు నిలవవు. అంతర్జీవద్రవ్యజాలం లోపలి రసాయన పరిస్థితి వేరు. ఆ బంధాలు ఏర్పడటానికి అనువుగా ఉంటుంది, సాయపడే ఎంజైములూ అక్కడే ఉంటాయి. ఒక పొర కట్టి లోపలి వాతావరణాన్ని మార్చుకోవడం వల్ల కణానికి కలిగే లాభం ఇదే.

మడత తప్పితే ఏమవుతుందో చూపించిన ఎలుక ఒకటుంది. జపాన్‌లో గుర్తించిన దీన్ని అకితా ఎలుక అంటారు. దీని ఇన్సులిన్ జన్యువులో ఒక్క అక్షరం మారింది. దాంతో 96వ స్థానంలో గంధకమున్న సిస్టీన్‌కు బదులు టైరోసీన్ వచ్చి చేరింది. మూడు బంధాల్లో ఒకదానికి జోడీ లేకుండా పోయింది. మడతపడని గొలుసులు అంతర్జీవద్రవ్యజాలంలో పేరుకుపోయాయి. ఆ జన్యువు రెండో ప్రతి బాగానే ఉన్నా ఫలితం లేకపోయింది. ఆ ఒత్తిడికి బీటా కణాలు దెబ్బతిని ఎలుకకు మధుమేహం వచ్చింది. మనుషుల్లోనూ ఇన్సులిన్ జన్యువులో ఇలాంటి మార్పుల వల్ల పుట్టిన కొద్ది నెలలకే షుగర్ వచ్చే పిల్లలున్నారు.

పలాడే చేసిన పరీక్ష

ప్రోటీన్ ఒక భాగం నుంచి మరో భాగానికి వెళ్తుందని ఎలా తెలిసింది? ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోలో కణం కదలదు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో జార్జ్ పలాడే, జేమ్స్ జేమీసన్ 1960లలో దీనికో ఉపాయం కనిపెట్టారు. గినీపిగ్ క్లోమాన్ని పలుచని పొరలుగా కోసి, రేడియోధార్మికత ఉన్న లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మూడు నిమిషాల పాటు మాత్రమే అందించారు. తర్వాత మామూలు లూసిన్ ఇచ్చారు. ఆ మూడు నిమిషాల్లో తయారైన ప్రోటీన్లకే రేడియోధార్మిక గుర్తు పడుతుంది. ఆ తర్వాత వేర్వేరు వేళల్లో ముక్కలు తీసి, గుర్తు పడ్డ ప్రోటీన్లు ఎక్కడున్నాయో చూశారు.

మొదట్లో అవి అంతర్జీవద్రవ్యజాలంలో కనిపించాయి. సుమారు ఇరవై నిమిషాల తర్వాత గాల్జీ ప్రాంతానికి చేరాయి. రెండు గంటలయ్యేసరికి కణం అంచున ఉన్న సంచుల్లో తేలాయి. ఆ కణాలు జీర్ణరసాలు తయారుచేసేవి, బీటా కణాలకు పొరుగువి. బీటా కణంలోనూ దారి అదేనని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అప్పటిదాకా విడివిడి బొమ్మలుగా ఉన్న కణభాగాలు ఈ పరీక్షతో ఒక వరసలోకి వచ్చాయి. 1974 వైద్యశాస్త్ర నోబెల్‌ను పలాడే, ఆల్బర్ట్ క్లాడ్, క్రిస్టియన్ డి డ్యూవ్ పంచుకున్నారు.

గాల్జీ నుంచి సంచుల్లోకి

ఇటలీలోని పావియాలో కమిల్లో గాల్జీ 1898లో నాడీకణాలకు వెండి లవణాలతో రంగు పట్టించి చూస్తే, లోపల వలలాంటి నిర్మాణం కనిపించింది. చాలాకాలం పాటు ఎందరో శాస్త్రవేత్తలు దాన్ని నమ్మలేదు. రంగు వేయడం వల్ల ఏర్పడిన మరక తప్ప నిజమైన భాగం కాదన్నారు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న చదునైన పొరలు స్పష్టంగా కనిపించాకే వాదన సద్దుమణిగింది.

ప్రోఇన్సులిన్ చిన్న బుడగల్లో గాల్జీకి చేరుతుంది. గాల్జీ దాన్ని వేరే చోటికి పోవలసిన ప్రోటీన్ల నుంచి విడదీసి, కొత్త సంచుల్లో నింపుతుంది. ఈ సంచుల లోపల ఆమ్లత పెరుగుతున్న కొద్దీ ఎంజైములు ప్రోఇన్సులిన్‌ను కోస్తాయి. మధ్యలో ఉన్న 31 అమైనో ఆమ్లాల ముక్క విడిపోతుంది. దాని రెండు చివరల దగ్గరున్న నాలుగు అమైనో ఆమ్లాలూ రాలిపోతాయి. మిగిలిన 51 అమైనో ఆమ్లాలే ఇన్సులిన్. 21 ఉన్న ఒక గొలుసు, 30 ఉన్న మరొకటి, రెంటినీ కలిపి పట్టుకున్న గంధకపు బంధాలు.

విడిపోయిన మధ్యముక్కను సి-పెప్టైడ్ అంటారు. చివరికి తీసేసే ముక్క ముందసలు ఎందుకుండాలి? స్లాబు వేసేటప్పుడు సెంట్రింగ్ కట్టి, కాంక్రీటు గట్టిపడ్డాక విప్పేస్తారు గదా, ఇదీ అంతే. రెండు గొలుసుల చివరల్నీ సరైన స్థానంలో నిలిపి, బంధాలు కుదిరేదాకా ఉండటమే దాని పని. ఈ సంగతి 1967లో షికాగోలో డొనాల్డ్ స్టైనర్ ప్రోఇన్సులిన్‌ను కనిపెట్టడంతో తెలిసింది.

కోత పూర్తయ్యాక ఇన్సులిన్ అణువులు ఆరేసి చొప్పున జింకు చుట్టూ చేరి, సంచిలోనే స్ఫటికాలుగా గడ్డకడతాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అవి నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. సంచి తెరుచుకున్నప్పుడు ఇన్సులిన్‌తో పాటు సి-పెప్టైడ్ కూడా సమాన సంఖ్యలో రక్తంలోకి వస్తుంది. డాక్టర్లు సి-పెప్టైడ్ పరీక్ష రాసేది అందుకే. ఇంజెక్షన్‌గా ఇచ్చే ఇన్సులిన్‌లో ఆ ముక్క ఉండదు. కాబట్టి రోగి ఇన్సులిన్ వాడుతున్నా సరే, రక్తంలో సి-పెప్టైడ్ ఎంతుందో చూస్తే సొంత బీటా కణాలు ఏ మేరకు పనిచేస్తున్నాయో తెలిసిపోతుంది.

మైటోకాండ్రియా పంపే కబురు

సంచులు సిద్ధంగా ఉన్నాయి. ఇప్పుడు బయటికి పొమ్మని చెప్పేదెవరు?

గ్లూకోజు బీటా కణంలోకి వస్తుంది. కణద్రవ్యంలో కొంత విరిగి, మైటోకాండ్రియాలో పూర్తిగా దహనమవుతుంది. అలా వెలువడే శక్తితో ఏటీపీ తయారవుతుంది. కణంలో పనులన్నిటికీ శక్తినిచ్చే ఈ ఏటీపీ కథలో ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ, 1929లో కండరంలో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్నే కనిపెట్టారు.

బీటా కణంలో ఏటీపీ శక్తినివ్వడమే కాక, రక్తంలో గ్లూకోజు ఎంతుందో కూడా చెబుతుంది. కణం పైపొరలో పొటాషియం అయాన్లు బయటికి పోయే మార్గాలున్నాయి. మామూలుగా అవి తెరిచే ఉంటాయి. గ్లూకోజు పెరిగి ఏటీపీ ఎక్కువైతే అది ఆ మార్గాలకు అతుక్కుని మూసేస్తుంది. పొటాషియం పోవడం ఆగిపోవడంతో పొరకు రెండు పక్కలా ఉన్న విద్యుదావేశంలో తేడా మారుతుంది. దాంతో కాల్షియం మార్గాలు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి రాగానే పొరకు ఆనుకుని ఉన్న సంచులు దానితో కలిసిపోయి, లోపలున్నదంతా బయటికి వదిలేస్తాయి. ఇన్సులిన్ వచ్చేసింది.

గ్లూకోజు ఈ పొటాషియం మార్గాన్ని మూస్తుందని 1984లో ఫ్రాన్సెస్ యాష్‌క్రాఫ్ట్ బృందం చూపింది. మన దగ్గర షుగర్ రోగులు మింగే గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలు సరిగ్గా ఇక్కడే పనిచేస్తాయి. ఏటీపీ కోసం ఎదురుచూడకుండా ఆ మార్గాన్ని మూసేస్తాయి. భోజనం చేయకుండా ఈ మాత్ర వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోయేది ఇందుకే. గ్లూకోజు లేకపోయినా ఇన్సులిన్ బయటికి వచ్చేస్తుంది.

పుట్టిన ఆరు నెలల్లోపే షుగర్ వచ్చే పిల్లలు కొందరుంటారు. జీవితాంతం ఇంజెక్షన్లు తప్పవనుకునేవారు. వారిలో చాలామందికి ఈ పొటాషియం మార్గపు జన్యువులోనే లోపముందని ఆండ్రూ హాటర్‌స్లీ, యాష్‌క్రాఫ్ట్, వారి సహచరులు 2004లో కనుగొన్నారు. ఏటీపీ వచ్చినా ఆ మార్గం మూసుకోవడం లేదు. సంచులు నిండుగా ఉన్నాయి, ఇన్సులిన్ ఉంది, బయటికి రమ్మనే కబురే అందడం లేదు. గ్లిబెన్‌క్లమైడ్‌తో ఆ మార్గాన్ని మూయించేసరికి, అలాంటి పిల్లల్లో చాలామంది ఇంజెక్షన్లు పూర్తిగా మానేసి మాత్రలతో బాగున్నారు. కణంలో పని ఎక్కడ ఆగిపోయిందో కచ్చితంగా తెలిస్తే చికిత్స ఎంత మారిపోతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు.

మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంది. అందులో 37 జన్యువులుంటాయి. అది తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వస్తుంది. ఆ డీఎన్‌ఏలో ఒక ప్రత్యేకమైన మార్పు ఉన్న కుటుంబాల్లో షుగర్, వినికిడి లోపం జంటగా తల్లి వైపు నుంచి సంక్రమిస్తాయి. ఏటీపీ సరిపోకపోతే బీటా కణానికి కబురు సరిగ్గా అందదు మరి.

లైసోజోములు

తయారైన సంచులన్నీ వాడకానికి రావు. రోజులు గడిచి పాతబడినవాటిని లైసోజోములనే ఎంజైముల సంచులు తమలో కలుపుకుని, లోపలి ఇన్సులిన్‌ను అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. ఆ అమైనో ఆమ్లాలు మళ్లీ కొత్త ప్రోటీన్లలోకి వెళ్తాయి.

ఈ లైసోజోములు దొరికిందీ ఇన్సులిన్ పరిశోధనలోనే. బెల్జియంలోని లూవెన్‌లో క్రిస్టియన్ డి డ్యూవ్ కాలేయం మీద ఇన్సులిన్ ప్రభావాన్ని అర్థం చేసుకోవాలని ఎలుక కాలేయంలోని ఎంజైములను కొలుస్తుండేవాడు. 1949లో ఒక ఎంజైము కొలత అనుకున్న దానిలో పదోవంతు దాకా మాత్రమే వచ్చింది. ఆ నమూనాను ఫ్రిజ్‌లో ఉంచి ఐదు రోజుల తర్వాత మళ్లీ కొలిస్తే, ఎంజైము చాలా ఎక్కువగా ఉంది. కొలత తప్పిందని వదిలేయకుండా ఆయన కారణం వెతికాడు. ఎంజైము మొదటి నుంచీ అంతే ఉంది, కాకపోతే ఏదో పొరలో మూసుకుని ఉంది. ఫ్రిజ్‌లో ఉన్న రోజుల్లో పొర చెదిరి బయటపడింది. 1955లో ఆయన ఆ ఎంజైములున్న పొర సంచులకు లైసోజోములని పేరు పెట్టాడు.

లైసోజోము పగిలితే కణం తనను తాను తినేస్తుందని పాఠాల్లో చదువుకున్నాం. కానీ దానిలోని ఎంజైములు బాగా పనిచేయాలంటే లోపల ఉన్నంత ఆమ్లత కావాలి. కణద్రవ్యంలో అంత ఆమ్లత లేదు. ఒకటీ అరా సంచి కారినంత మాత్రాన కణం చచ్చిపోదు. లైసోజోము రోజువారీ అసలు పని పాతవాటిని విడగొట్టి తిరిగి వాడుకలోకి తేవడమే.

అవతలి కణంలో

రక్తంలోకి వచ్చిన ఇన్సులిన్‌లో సుమారు సగాన్ని కాలేయమే తీసేసుకుంటుంది. మిగిలింది కండరాలకు, కొవ్వు కణాలకు చేరుతుంది. అక్కడ అది కణం లోపలికి చొరబడి గ్లూకోజును లాగదు. పైపొర మీది గ్రాహకానికి అతుక్కుంటుంది, అంతే. ఆ సంకేతం లోపలికి పాకి, లోపల దాచిన చిన్నచిన్న బుడగలను పైపొర దగ్గరికి రప్పిస్తుంది. ఆ బుడగల పొరలో గ్లూకోజును లోపలికి తీసుకునే ప్రోటీన్లున్నాయి. బుడగలు పైపొరలో కలిసిపోగానే ఆ ప్రోటీన్లు కణం ఉపరితలం మీదికొస్తాయి, గ్లూకోజు లోపలికి వెళ్తుంది.

కండరం కదిలినప్పుడు ఇవే బుడగలు ఇన్సులిన్ సంకేతంతో పనిలేకుండా వేరే దారిలో పైకి వస్తాయి. ఇన్సులిన్‌కు కండరాలు సరిగ్గా స్పందించని రోగికి కూడా నడక వల్ల షుగర్ తగ్గేది ఇందువల్లే. డాక్టరు నడవమని చెప్పడం వెనక కణంలో ఇంత పని ఉంది.

భాగాలు లేని కణం

ఒక భాగం పని ఏమిటో బాగా తెలియాలంటే అది లేని కణాన్ని చూడాలి. మన ఎర్రరక్తకణం పరిపక్వమయ్యేసరికి కేంద్రకాన్ని, రైబోజోములను, మైటోకాండ్రియాను అన్నిటినీ వదిలేస్తుంది. మైటోకాండ్రియా లేవు కాబట్టి తాను మోసే ఆక్సిజన్‌ను తాను వాడుకోదు. కేంద్రకం, రైబోజోములు లేవు కాబట్టి కొత్త హిమోగ్లోబిన్ తయారుచేసుకోలేదు. ఉన్న హిమోగ్లోబిన్‌తోనే దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఆ రోజుల్లో రక్తంలో ఎంత గ్లూకోజు ఉంటే, దాన్ని బట్టి హిమోగ్లోబిన్‌కు గ్లూకోజు అతుక్కుంటుంది.

మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష దీని మీదే ఆధారపడింది. ఎర్రరక్తకణాలు తొందరగా నశించే జబ్బుల్లో ఈ పరీక్ష అసలు షుగర్ కంటే తక్కువ చూపిస్తుంది. తెలుగు రాష్ట్రాల గిరిజన ప్రాంతాల్లో కనిపించే సికిల్‌సెల్ జబ్బు వాటిలో ఒకటి. అలాంటివారి విషయంలో డాక్టర్లు వేరే పరీక్షలతో పోల్చి చూడాలి.

తెలిసినందువల్ల ఒరిగిందేమిటి

1980ల దాకా షుగర్ రోగులు వాడిన ఇన్సులిన్ పందుల, పశువుల క్లోమాల నుంచి తీసిందే. మనిషి ఇన్సులిన్‌ను బాక్టీరియాలో తయారుచేసి మందుగా అమ్మడానికి అమెరికాలో అనుమతి వచ్చింది 1982లో. అందుకు వాడిన ఈ.కోలై అనే బాక్టీరియాలో కేంద్రకం లేదు, అంతర్జీవద్రవ్యజాలం లేదు, గాల్జీ లేదు, సంచులు లేవు. అందుకే మొదట్లో రెండు గొలుసుల్నీ వేర్వేరు బాక్టీరియాలో తయారుచేసి, తర్వాత రసాయనికంగా కలపవలసి వచ్చింది. ఆ తర్వాత ప్రోఇన్సులిన్‌నే తయారుచేయించి, మడతపెట్టి, సి-పెప్టైడ్‌ను కోసేసే పద్ధతి వచ్చింది. ఆ మడత, ఆ కోత మనిషి చేతి మీదుగా ట్యాంకుల్లో జరగాలి. అంతర్జీవద్రవ్యజాలం ఉన్న ఈస్టును వాడేవారికి మడతపెట్టే పని కొంత తగ్గుతుంది.

గంధకపు బంధాలు ఎక్కడ కుదురుతాయో, మధ్యముక్క ఎందుకుంటుందో, ఎప్పుడు తెగుతుందో ఎవరూ కనిపెట్టి ఉండకపోతే ప్రోఇన్సులిన్‌తో ఈ తయారీ సాధ్యమయ్యేది కాదు. లాంగర్‌హాన్స్, గాల్జీ ముందు అవి ఉన్నాయని చూశారు. పలాడే, స్టైనర్, యాష్‌క్రాఫ్ట్ ఒక్కొక్కరు ఒక్కో భాగం దగ్గర ఆగి, అది దేన్ని అందుకుని దేనికి అందిస్తోందని అడిగారు. షుగర్ ఒకే జబ్బు కాదని మనకిప్పుడు తెలుసు. ఒకరికి గొలుసు మడతపడటంలో, ఒకరికి కబురు అందడంలో, ఒకరికి అవతలి కణం వినడంలో లోపం ఉంటుంది. ఎక్కడ లోపముందో తెలిస్తే అక్కడే మందు వేయవచ్చు. కణభాగాలు చదువుకునే పిల్లలకు మనం నేర్పవలసిన ప్రశ్న ఇదే: ఈ భాగం పేరేమిటని కాదు, ఇది ఆగిపోతే తర్వాత ఏది ఆగిపోతుందని.